రెండో జట్టు

గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ జనపనార సర్వేల్లో ఒకే ప్రాంతాన్ని రెండు జట్లు చూసేవి. 1930ల చివర్లో, ఇంకా విడిపోని బెంగాల్‌లో, ఆ ఏడు ఎంత భూమిలో జనపనార వేశారో పంట మార్కెట్‌కి రాకముందే చెప్పాలి. ప్రతి మడీ తిరిగి చూడటం అయ్యే పని కాదు. అందుకని కొన్నిటిని లాటరీ పద్ధతిలో ఎంచి, వాటినిబట్టి మొత్తం అంచనా కట్టేవారు. ఆయన అక్కడితో ఆగలేదు. ఆ శాంపిల్‌ని ఒకదానిలో ఒకటి అల్లుకున్న రెండు స్వతంత్ర శాంపిళ్లుగా చేసి, ఒక్కోదానికి వేరే మనుషుల్ని పంపేవారు. రెండు అంచనాలూ దగ్గరగా వస్తే ధైర్యం. దూరంగా వస్తే ఎక్కడో కొలత తప్పింది, లేదా ఎవరో మడి దగ్గరకే వెళ్లకుండా రాసేశారు. షరతు ఒక్కటే: ఒక జట్టు కాగితాలు ఇంకో జట్టు కంట పడకూడదు. పడితే రెండోది లెక్క కాదు, నకలు.

జెనరేటివ్ ఏఐకి నా పనిలో ఎక్కడ చోటివ్వాలి అన్న ప్రశ్నకి నాకు తృప్తినిచ్చిన జవాబు ఈ పాత పద్ధతిలోనే దొరికింది. నేను చదువుకున్నది ఆయన 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో, బారానగర్ బీటీ రోడ్డు మీద. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, చదువయ్యాక ఇక్కడే ఉండిపోయాను. కోల్‌కతాలోని ఒక చిన్న ఆరోగ్య పరిశోధన సంస్థలో సర్వేలు రూపొందించడం, వచ్చిన డేటాని లెక్కగట్టడం, నివేదికలు రాయడం నా ఉద్యోగం. ఇంటికొచ్చాక ఒక తెలుగు మాసపత్రికకి సైన్సు శీర్షిక రాస్తాను. రెండిటిలోనూ రాతే ఎక్కువ. లెక్కల మనుషులకి రాత తక్కువ అనుకుంటారు గానీ మా రోజులో సగం వాక్యాలతోనే గడుస్తుంది.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక ఏడాది తిరక్కుండానే మా ఆఫీసు రాతంతా మారిపోయింది. మాతో పనిచేసే ఖరగ్‌పూర్ కుర్రాడు ఒకడున్నాడు. తాతల నాడు బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే పనికి వచ్చిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసులో బెంగాలీ. నన్ను అక్కా అంటాడు. తెలివైనవాడు, పనిలో నిజాయితీ ఉన్నవాడు. సుందర్‌బన్స్‌లో మేం చేసిన రక్తపోటు సర్వే నివేదికలో ఒక అధ్యాయాన్ని ఒక్క మధ్యాహ్నంలో తయారుచేసి తెచ్చాడు.

"ఇంత మాత్రానికి రాత్రిళ్లు కూర్చోవడం ఎందుకక్కా?" అన్నాడు.

చదివాను. భాషలో పేచీ లేదు. పట్టికలు సరిగ్గా ఉన్నాయి. బీపీ మందులు మధ్యలో మానేసినవాళ్లు ఎందుకు మానేశారో సొంత మాటల్లో చెప్పిన జవాబుల్ని యంత్రం ఆరు శీర్షికల కింద సర్దింది: డబ్బు, దూరం, రవాణా, మందుల కొరత, నమ్మకం లేకపోవడం, బాగైపోయిందనుకోవడం. ఇలాంటి సర్దుబాటుని మేం కోడింగ్ అంటాం. చూడగానే ఎవరైనా ఒప్పుకునే శీర్షికలే. ఒప్పుకోబుద్ధవుతోంది కాబట్టే నేను ఫీల్డు నోటు పుస్తకాలు తెప్పించుకున్నాను.

గోసాబా బ్లాకులో ఒక ద్వీపం మీది ఆవిడ మాట ఇలా ఉంది: "డాక్టరు పిలిచే వేళకి భాటా పడిపోతుంది దిది. మళ్లీ నీళ్లొచ్చి పడవెక్కి ఇల్లు చేరేసరికి చీకటి." భాటా అంటే ఆటు, నీరు వెనక్కి తీసే వేళ. అక్కడ ద్వీపాల మధ్య రోడ్లు లేవు. డీజిల్ ఇంజను బిగించిన భట్‌భటి పడవలే బస్సులు. నీరు తీసేస్తే చిన్న కాలవల్లో పడవ కదలదు, రేవు దగ్గర మోకాలి లోతు బురద తేలుతుంది. పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ పోతుంది. క్లినిక్ వేళలు మాత్రం జరగవు. అంటే పక్షంలో కొన్ని రోజులు ఆ క్లినిక్ ఆవిడకి అందుబాటులోనే ఉంటుంది, మిగతా రోజులు ఉన్నా లేనట్టే. ఇదే మాట వేరే రేవుల్లో వేరేవాళ్లూ చెప్పారు.

యంత్రం ఆ జవాబుల్ని "రవాణా సౌకర్యం లేకపోవడం" కింద వేసింది. తప్పని కొట్టేయలేం. కానీ ఆ శీర్షిక చదివిన అధికారి ఏం చేస్తాడు? ఇంకో పడవ మంజూరు చేస్తాడు, చేస్తే. అదీ బురదలోనే నిలబడుతుంది. అక్కడ కావలసింది పడవ కాదు, పోటుని బట్టి మారే క్లినిక్ వేళ. ఆటుపోట్ల పట్టికని సర్వే ఆఫ్ ఇండియా ఏటా ముందుగానే అచ్చువేస్తుంది. పైసా అదనపు ఖర్చు లేకుండా అయ్యే పని. గోడ్‌ఖాలి రేవులో నీటి కోసం ఒక్కసారి కాచుకున్న మనిషికి ఆ జవాబు చదవగానే అర్థమవుతుంది. ప్రపంచంలోని ఆరోగ్య నివేదికలన్నీ చదివిన యంత్రానికి వాటన్నిటిలో ఎక్కువగా కనిపించే శీర్షికే తోస్తుంది. దాని తయారీయే అటువంటిది. ముందున్న మాటలను బట్టి తర్వాత వచ్చే అవకాశం ఎక్కువున్న మాట ఏదో లెక్కగట్టడం దాని పని. సర్వేలో మేం వెతికేదేమో ఎవరూ అనుకోని జవాబు.

ఇక్కడే రెండు జట్ల పద్ధతి అక్కరకొచ్చింది. ఆ కుర్రాడు యంత్రం ఇచ్చిన శీర్షికల్ని ముందు చూసి, తర్వాత జవాబులు చదివాడు. అప్పటికి అతని కళ్లకి ఆ ఆరు గడులే ఉన్నాయి. వరస తిరగేశాం. ఇప్పుడు మా దగ్గర ముందు మనిషి చదువుతాడు, శీర్షికలు తనే పెడతాడు, కాగితం మడిచి పక్కన పెడతాడు. ఆ తర్వాతే యంత్రం వంతు. ఎక్కడ ఇద్దరూ కలవలేదో అక్కడ కూర్చుంటాం. జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా అనే కొలమానం దీనికి బాగా పనికొస్తుంది. ఇద్దరు నూటికి 85 జవాబుల్లో ఏకీభవించారంటే గొప్పగా ఉంటుంది కానీ, గుడ్డిగా వేసినా 60 కలిసే పరిస్థితి ఉంటే, కలవడానికి మిగిలిన 40లో కలిసింది 25 మాత్రమే. అంటే కప్పా 0.625. కలవని చోట్ల ఎవరిది తప్పో ముందే తీర్పు చెప్పం. చాలాసార్లు మనిషిదే పొరపాటు: అలసట, నిన్న చదివిన జవాబు ప్రభావం, ఒక పేజీ దాటేయడం. రెండో జట్టుగా యంత్రానికి సాటి లేదు. మొదటి జట్టుగా దాన్ని నేను పంపను.

లెక్క కట్టే ప్రోగ్రాముల సంగతి వేరు. ఆర్ భాషలో గ్రాఫు గీయడానికీ, పట్టిక తిప్పడానికీ, తేదీల గందరగోళం సరిచేయడానికీ యంత్రం రాసే కోడ్ నేను సంతోషంగా వాడతాను. దాన్ని నడిపి చూస్తే తప్పో ఒప్పో తేలిపోతుంది. అయితే నడిచినంత మాత్రాన సరైనది కాని కోడ్ కూడా ఉంటుంది. మా సర్వేల్లో ఊళ్లని ముందు ఎంచి, ఒక్కో ఊళ్లో కొన్ని ఇళ్లు తీసుకుంటాం. ఒకే ఊరివాళ్లు ఒకే నీళ్లు తాగుతారు, ఒకే డాక్టరు దగ్గరికి పోతారు, కాబట్టి వాళ్ల జవాబులు కొంత పోలి ఉంటాయి. ఊరికి 20 చొప్పున 50 ఊళ్లలో 1,000 ఇళ్లు చూశామనుకోండి. ఆ పోలిక 0.05 అనే చిన్న అంకె అయినా, లెస్లీ కిష్ సూత్రం ప్రకారం 1 + (20 − 1) × 0.05 = 1.95. 1,000ని దాంతో భాగిస్తే, మన 1,000 ఇళ్లు ఇచ్చే సమాచారం, చెదురుమదురుగా ఎంచిన 513 ఇళ్లు ఇచ్చేదానితో సమానం. అడిగేవాడు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పకపోతే యంత్రం ఊళ్లని పట్టించుకోకుండా 1,000 మీదే లెక్కగట్టేయడం నేను చూశాను. కోడ్ ఎక్కడా ఆగదు, ఎర్ర అక్షరాలేవీ రావు, అంకెలు ముచ్చటగా కనిపిస్తాయి. లేని కచ్చితత్వం మాత్రం ఉన్నట్టు చూపిస్తాయి. అందుకని మా కుర్రవాళ్లకి ఒకటే చెప్తాను: ఈ లెక్క కాగితం మీద చేతనైతే యంత్రం చేత చేయించుకోండి, లేకపోతే ముందు నేర్చుకోండి. కఠినంగా అనిపిస్తుంది గానీ, నేర్చుకునే వయసులో ఉన్నవాళ్ల విషయంలో నేను మెత్తబడలేను.

ఎందుకు మెత్తబడలేనో చెప్పడానికి సి.ఆర్. రావు గారి కథ చెప్పాలి. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, యుద్ధకాలంలో సైనిక సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వచ్చారు. ఆ ఉద్యోగం రాలేదు. బస చేసిన హోటల్లో పరిచయమైన ఒకాయన స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నానని చెబితే, వెళ్లి చూసి, 1941 జనవరిలో అక్కడ చేరారు. ఆ తర్వాత నలభై ఏళ్లు ఈ సంస్థే ఆయన ఇల్లు. 1944 ప్రాంతంలో, ఇరవై నాలుగేళ్ల వయసులో, కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ గణాంక శాస్త్రవేత్త ఫిషర్ ఫలితం ఒకటి వివరించారు. పెద్ద శాంపిళ్లకి వర్తించే ఫలితం అది. వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి, శాంపిల్ చిన్నదైనప్పుడు ఇలాంటిది నిరూపించవచ్చా అని అడిగాడు. పేదరికం మీద అధ్యయనాలతో తర్వాత పేరు పొందిన ఆర్థికవేత్త ఈ దండేకరే. రావు గారి దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి రాత్రంతా కూర్చున్నారు. తెల్లారి క్లాసులో రుజువు బోర్డు మీద రాశారు.

అంచనా కచ్చితత్వానికి హద్దు చెప్పే క్రామర్–రావు అవధి అదే. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చిన వ్యాసంలో దాంతోపాటు రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం ఉంది, సంభావ్యతా విభాజనాల మధ్య దూరాన్ని జ్యామితితో కొలిచే ఆలోచన కూడా ఉంది. ఆ జ్యామితి మీదే జపాన్‌లో షునిచి అమారి ఇన్ఫర్మేషన్ జామెట్రీ అనే శాఖని పెంచారు. యంత్రాలు నేర్చుకునే తీరుకి దాన్ని అన్వయిస్తూ 1998లో ఆయన రాసిన వ్యాసం ఇవాళ్టికీ చదువుతారు. ఒక కుర్రాడి ప్రశ్నకి జవాబు వెతుకుతూ ఈ ఊళ్లో ఒక తెలుగు యువకుడు మేలుకున్న రాత్రి ఫలం, ఇప్పుడు మనం వాడే యంత్రాల గణితం దాకా చేరింది. 2023లో ఆ వ్యాసానికే ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చారు. ఆ ఆగస్టులోనే, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఈ కథ తల్చుకున్నప్పుడల్లా నన్ను పట్టి నిలిపేది ఆ రుజువు కన్నా, జవాబు లేకుండా క్లాసులోంచి ఇంటికెళ్లిన ఆ సాయంత్రం. ఇవాళ ఆ ప్రశ్న అడిగిన దండేకర్ జేబులోని ఫోను, పాఠం ముగియకముందే ఏదో ఒకటి చెప్తుంది. అది చెప్పింది సరైనదే కావచ్చు. కానీ ప్రశ్న ఒక రాత్రి పాటు ఎవరి దగ్గరా ఉండదు. పరిశోధనలో పుట్టేవన్నీ అలా దగ్గర పెట్టుకున్న ప్రశ్నల్లోంచే పుడతాయి. నాకైతే ప్రశ్నలు రాస్తున్నప్పుడు వస్తాయి. ఒక వాక్యం ముందుకి కదలకపోతే, చాలాసార్లు అక్కడ నాకు విషయమే తెలియదని అర్థం. లేచి డేటా దగ్గరికి వెళ్తాను. ఆ వాక్యాన్ని యంత్రం చేత దాటించేస్తే ఆ తెలియకపోవడం నివేదికలో నున్నగా కప్పబడి, అచ్చులోకి వెళ్లిపోతుంది. అందుకే నివేదికలో ఫలితాలూ చర్చా మొదటిసారి రాసేది నేనే, కలంతో, కాగితం మీద.

తెలుగు శీర్షికకైతే యంత్రం చేత ఒక్క పేరా కూడా రాయించను. దీనికి నా వృత్తి చెప్పే కారణమే ఉంది. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి కార్డులు పంపి, 24 లక్షల జవాబులు తెప్పించుకుని, అధ్యక్ష ఎన్నికల్లో లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. టెలిఫోన్లూ కార్లూ ఉన్నవాళ్ల జాబితాల నుంచి పేర్లు తీసుకున్నారు, జవాబిచ్చినవాళ్లూ ఒక తరహా మనుషులే. శాంపిల్ ఎంత పెద్దదన్నది కాదు, ఎవరిదన్నది ముఖ్యం. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 8.11 కోట్లు. వాళ్లు మాట్లాడే తెలుగులో ఇంటర్నెట్‌కి ఎక్కింది ఏ కొంచెమో, అదీ ఎక్కువగా వార్తలు, సినిమా కబుర్లు, ఇంగ్లీషు నుంచి దించినవి. మా శ్రీకాకుళం పలుకుబడి, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల తెలుగు, ఇక్కడి జనపనార మిల్లు బస్తీల్లో తరాలుగా నిలిచిన తెలుగు అందులో ఏ మూలనో. ఆ శాంపిల్ నుంచి నేర్చుకున్నది ఆ శాంపిల్ లాగే రాస్తుంది. సాంకేతికంగా మెరుగుపడుతోంది, కాదనను: 2024 మేలో ఓపెన్‌ఏఐ జీపీటీ-4ఓ విడుదల చేస్తూ ఇచ్చిన పట్టికలో, ఒక చిన్న పలకరింపుని తెలుగులో పాత పద్ధతిలో 159 ముక్కలు చేయాల్సి వస్తే కొత్తదాంట్లో 45 చాలు. ఇంగ్లీషుకి 24. ఖర్చు తగ్గింది, వేగం పెరిగింది. శాంపిల్ మాత్రం అదే. నా పాఠకురాలు పాలకొండలో ఒక బడిపంతులమ్మ. ఆవిడ ఉత్తరం రాస్తే నాకు ఊరు వినిపిస్తుంది. ఆవిడకి నేను ఆ ఊరి మనిషిగానే రాయాలి.

రాసేశాక మాత్రం యంత్రానికి చూపిస్తాను. "పదో తరగతి చదివిన మనిషికి ఇందులో ఎక్కడ అర్థం కాదు?" అని అడుగుతాను. దిద్దమని అడగను, ఆగిపోయిన చోట్లు చెప్పమంటాను. మంచి జవాబులు వస్తాయి. ఎక్కడ ఒక మెట్టు దాటేశానో చూపిస్తుంది. ఆధారాలు అడగడం మానేశాను. తొలిరోజుల్లో జనపనార సర్వే గురించి అడిగితే, 1933లో మొదలైన మా "సంఖ్యా" పత్రికలో వచ్చిందంటూ ఒక వ్యాసం పేరు, సంపుటి, పేజీలతో సహా ఇచ్చింది. లైబ్రరీకి వెళ్లి ఆ సంపుటి తీస్తే అటువంటి వ్యాసం లేదు. ఇప్పుడు పాత సంపుటాలు నేనే తిరగేస్తాను. వెతుకుతున్నది దొరక్కపోయినా పక్క వ్యాసం ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇంగ్లీషు లాంఛనాల విషయంలో నాకు ఏ పట్టింపూ లేదు. నిధులిచ్చే సంస్థలకి కవరింగ్ లెటర్లు, మీటింగు మినిట్స్, ఒకే నివేదికకి ఐదు రకాల సారాంశాలు యంత్రమే రాస్తుంది, నేను చదివి సంతకం పెడతాను. వాటిలో నా ఆలోచన ఉండాల్సిన పని ఎప్పుడూ లేదు. మిగిలిన సమయం ఫీల్డుకి వెళ్తుంది. సీల్దాలో కానింగ్ లోకల్ ఎక్కి వెళ్లే రోజులు ఈమధ్య నాకు పెరిగాయి, అందుకు దానికి రుణపడి ఉన్నాను.

ఒక్క గీత మాత్రం ఎవరినీ దాటనివ్వను. గడపలో నిలబడి "మీ పేరు బయటికి పోదమ్మా" అని సర్వేకి వెళ్లే మా అమ్మాయిలు మాట ఇస్తారు. ఆ మాట మీదే ఇంటివాళ్లు లోపలికి రమ్మంటారు, చాప వేస్తారు, భర్త తాగుడు గురించీ, పోయిన బిడ్డ గురించీ చెప్తారు. ఆ జవాబుల్ని ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్లోకి అతికించడం నా దృష్టిలో మాట తప్పడమే. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, మంచిదే. చట్టం లేకపోయినా నేను ఇదే అంటాను. పేరు తీసేస్తే చాలదా అని అడుగుతారు. చిన్న ద్వీపం, ఫలానా రేవు, ముగ్గురు పిల్లలు, పులి దాడిలో పోయిన భర్త: పేరు లేకపోయినా ఆ ఊళ్లో ఆవిడెవరో అందరికీ తెలుసు. అందుకని జవాబుల పని చేసే మోడల్‌ని ఇంటర్నెట్ లేని మా ఆఫీసు కంప్యూటర్‌లోనే పెట్టుకున్నాం. పెద్ద మోడళ్లంత చురుకైనది కాదు. రెండో జట్టుకి సరిపోతుంది.

వానలు వెనకబట్టాక పాథర్‌ప్రతిమా బ్లాకులో కొత్త సర్వే మొదలవుతుంది. ఈసారి పద్ధతంతా ముందే రాసిపెట్టుకున్నాం. సొంత మాటల జవాబుల్ని ఇద్దరు మనుషులూ ఒక యంత్రమూ విడివిడిగా కోడ్ చేస్తారు, ఎవరి కాగితం ఎవరూ చూడరు. కలవనివి నా బల్ల మీదికి రావు. ఆ జవాబు ఎవరు విన్నారో ఆ అమ్మాయి దగ్గరికే తిరిగి వెళ్తాయి. ఒక్కచోట మాత్రం ఖరగ్‌పూర్ కుర్రాడికీ నాకూ ఇంకా తగువు తెగలేదు. ఆటుపోట్ల పట్టికని యంత్రానికి కూడా ఇవ్వాలంటాడు. మనుషులకి ఆ తెలివి ఉండి దానికి లేకపోతే పోటీ న్యాయం కాదంటాడు. ముందే ఇస్తే ప్రతి జవాబులోనూ అది ఆటుపోట్లే వెతుకుతుందని నా భయం. అతని మాటా తీసేయదగింది కాదు. కాబట్టి యంత్రానికి వెళ్లే జవాబుల్ని లాటరీ వేసి రెండు సగాలు చేస్తున్నాం. ఒక సగం పట్టికతో, ఒక సగం పట్టిక లేకుండా. లాటరీ అతను వేస్తాడు, ఏ సగం ఏదో కోడింగ్ అయ్యేదాకా నాకు చెప్పడు.